ప్లేటు కుడి పక్కనుంచి తీయాలి

గురజాల
1949 ఫిబ్రవరి 7, సోమవారం

మద్రాసు నుంచి కవరు వచ్చింది. లోపల రెండు కాగితాలు. ఒకటి ఉత్తరం, రెండోది భోజనం.

రెండోదాన్ని ఇంకేమనాలో నాకు తెలియలేదు. నెల తర్వాత తినబోయే భోజనాన్ని ఇప్పుడే టైపు కొట్టి పోస్టులో పంపారు. సూపు, చేప, కోడి రోస్టు, పుడ్డింగు, కాఫీ. అడుగున ఒక వాక్యం. ఇది సెట్ మెనూ, ఇందులో మీరు తినకూడనిది ఏదైనా ఉంటే ముందుగా తెలియజేయవలెను.

మిస్సమ్మ గారు ఉత్తరం రెండుసార్లు చదివి నాకు అర్థం చెప్పారు, నాకేదో ఇంగ్లీషు రానట్టు. పద్దెనిమిదేళ్ళుగా ఈ ఆడపిల్లల స్కూలుకు నేను హెడ్‌మిస్ట్రెస్‌ని. మిస్సమ్మ గారు మేనేజరు. ఆమె ఏప్రిల్లో పని విరమించి తన దేశం వెళ్ళిపోతున్నారు. ఆ తర్వాత స్కూలూ బోర్డింగూ ఏం కావాలన్నది మిషను బోర్డు తేల్చాలి. ఉన్నవి రెండే దారులు. నన్ను మేనేజరుగా వేయడం ఒకటి. ఇక్కడ తాళం వేసి, నలభై రెండు మంది పిల్లల్నీ నరసరావుపేట స్కూల్లో కలిపేయడం రెండోది. బోర్డు సెక్రటరీ దొర భార్యతో సహా మద్రాసు వచ్చి ఉన్నారట. మార్చి తొమ్మిదిన అక్కడి ఒక పెద్ద హోటల్లో మధ్యాహ్న భోజనానికి మమ్మల్నిద్దరినీ పిలిచారు.

నన్ను చూడాలనుకుంటున్నారని మిస్సమ్మ గారు అన్నారు. చూడడమంటే ఏమిటో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. పల్నాటి ఆడది ఒకతె తమ బల్ల దగ్గర ఎలా కూర్చుంటుందో, ఎలా తింటుందో చూసి, స్కూలు చేతికివ్వచ్చో లేదో తేల్చుకుంటారు. చూసుకోనీ. ఇన్నేళ్ళూ పరీక్షలు పెట్టినదాన్ని, పరీక్షకు భయపడతానా. అయినా మిస్సమ్మ గారి బంగళాలో దొరల బల్ల దగ్గర నేను తినని రోజా.

సెట్ మెనూ గురించి మిస్సమ్మ గారు చాలాసేపు వివరించారు. వాళ్ళు ఏది పెడితే అది, వాళ్ళు అనుకున్న వరసలో, ఒకటి అయ్యాకే ఇంకొకటి, మనం ఎంచుకునేది ఉండదట. ఇందులో వింతేముందని అడిగాను. మా బోర్డింగులో జరిగేది అదేగా. సోమవారం సంగటీ గోంగూరా, మంగళవారం పప్పు. ఏ పిల్లా ఎంచుకోదు.

ఫిబ్రవరి 8, మంగళవారం

నాకు భయం లేదు.

ఫిబ్రవరి 10, గురువారం

జ్ఞానయ్య బాబాయిని పిలిపించాను. నాన్నకు వరసకు తమ్ముడు. మద్రాసులో ఇలాంటి పెద్ద హోటల్లోనే ముప్పై ఏళ్ళు భోజనాల హాల్లో వడ్డించి, మోకాళ్ళు అరిగిపోయి రెండేళ్ళ కిందట ఊరికి తిరిగొచ్చాడు. నాకు నేర్పమని కాదు పిలిచింది. తెలిసినదాన్నే ఒకసారి సరిచూసుకుందామని.

కాగితాన్ని చేతిదూరంలో పట్టుకుని, చర్చిలో వాక్యం చదివినంత నిదానంగా చదివాడు. అయిదు వడ్డనలు, తేలికే అన్నాడు. బోర్డింగులోని బల్ల ఒకటి మా ఇంట్లోకి తెప్పించి, దానిమీద దుప్పటి పరిచి, మిస్సమ్మ గారు అరువిచ్చిన ఫోర్కులూ కత్తులూ చెంచాలూ వరసగా పెట్టాడు. పళ్ళేనికి దూరంగా ఉన్నవాటితో మొదలుపెట్టి, వడ్డన వడ్డనకూ లోపలికి రావాలట. గాజు గ్లాసులు మూడు పెట్టేవాళ్ళు గానీ, మద్యనిషేధం వచ్చాక ఒకటే పెడుతున్నారని విన్నాడట. దానికి ఆయన మొహం కొంచెం చిన్నబోయింది.

నువ్వు కూర్చుని తిని చూపించు బాబాయ్, నేను చూసి పట్టుకుంటానన్నాను. ఆయన కూర్చోలేదు. ఎంత బలవంతం చేసినా కూర్చోలేదు.

"కూర్చుంటే నాకేం గుర్తురాదమ్మాయ్. నిలబడితేనే అన్నీ గుర్తొస్తయ్" అన్నాడు.

సరే, నేనే కూర్చున్నాను. చెంచా ఎత్తగానే ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఎందుకలా తిరిగావంటే, తినేవాళ్ళని చూడకూడదట. తినేవాళ్ళు కూడా వడ్డించేవాళ్ళని చూడరట. మరి థాంక్యూ అంటారు కదా అన్నాను.

"అంటారు. ప్లేటుకి అంటారు" అన్నాడు బాబాయి, చెంచాలు తుడుస్తూ.

ఫిబ్రవరి 13, ఆదివారం

ఫోర్కు ఎడమ చేతిలో, కత్తి కుడి చేతిలో. కోసిన ముక్కను ఎడమ చేత్తోనే నోట్లో పెట్టుకోవాలట. ఎడమ చేత్తో కంచం ముట్టుకున్న పిల్లకు మొట్టికాయ వేసేది నేను. ఇవాళ నా చెయ్యే నా మాట వినలేదు. నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. కిటికీలోంచి ఇద్దరు పిల్లలు చూసి, నోళ్ళు మూసుకుని పారిపోయారు.

చేపకు బదులు ఉడికించిన చిలగడదుంప పెట్టుకున్నాం. ముక్క ఎగిరి కృపామణి ఒళ్ళో పడింది. కృపామణి మా స్కూల్లో మూడో క్లాసు టీచరు, నాతోపాటే ఈ ఇంట్లో ఉంటుంది, ఇరవై నాలుగేళ్ళ పిల్ల. నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. ఆమెకు నీళ్ళు కూడా ఇవ్వలేదు నేను.

ఎండలు అప్పుడే ముదిరాయి.  

ఫిబ్రవరి 16, బుధవారం

సాయంత్రం పిల్లల కాపీ పుస్తకాలు దిద్దుతూ దిద్దుతూ కృపామణి తలెత్తకుండానే అడిగింది.

"అక్కా, బంగళా బల్ల దగ్గర చానాసార్లు తిన్నానంటివే. మరి ఫోర్కు పట్టటం అంత కొత్తేంది నీకు?"

ముందు కాపీల్లో తప్పులు చూసుకోమన్నాను. చూసుకుంది. అయినా ఆ ప్రశ్న అక్కడే ఉండిపోయింది.

ఏడో తారీఖున రాసింది తిరగేసి చదివాను. తినని రోజా, అని రాశాను. తిన్న రోజు ఒక్కటీ లేదు. మా అమ్మ ఆ బంగళాలో ఆయాగా చేసింది. చిన్నప్పుడు వంటింటి తలుపు పక్కన నిలబడి ఆ బల్లను చూసేదాన్ని. ఎనిమిది కుర్చీలు, నున్నటి టేకు బల్ల. హెడ్‌మిస్ట్రెస్‌ని అయ్యాక నాకు వరండాలో టీ ఇచ్చేవాళ్ళు, కుర్చీ వేసి, మర్యాదగానే. క్రిస్మసుకు బంగళా ముందు అందరితోపాటు విస్తట్లో భోజనం. మిస్సమ్మ గారు మంచి మనిషి. పద్దెనిమిదేళ్ళలో నన్ను ఒక్క మాట అనలేదు. లోపలికి వచ్చి కూర్చోమనీ అనలేదు.

నేనే రాసుకుని నేనే చదువుకునే పుస్తకంలో ఆ అబద్ధం ఎవరి కోసం రాశానో నాకు తెలియడం లేదు. కొట్టేద్దామనుకున్నాను. ఉండనిచ్చాను.

ఫిబ్రవరి 21, సోమవారం

బాబాయి పద్ధతి మార్చాడు. తినేవాళ్ళు ఏం చెయ్యాలో వడ్డించేవాళ్ళకే బాగా తెలుస్తుంది కాబట్టి ముందు వడ్డించడం నేర్చుకోమన్నాడు. కృపామణిని కూర్చోబెట్టి నాచేత వడ్డింపిస్తున్నాడు. మూడు రోజులైంది. దానికి మాత్రం దర్జాగా ఉంది.

నిజం చెప్పాలంటే ఇదే నాకు తొందరగా పట్టుబడింది. వడ్డన ఎడమ పక్కనుంచి. ప్లేటు తీసేది కుడి పక్కనుంచి. ఫోర్కూ కత్తీ పక్కపక్కన పడుకోబెడితే తినడం అయిపోయినట్టు. అయిపోయిన ప్లేటు మనిషి ముందు పది లెక్కపెట్టేంతసేపు కూడా ఉండకూడదు. మొదటి ప్లేటు ఎడమ చేతిలోకి, రెండోది ముంజేతి మీదికి. చప్పుడు కాకూడదు. ఇవాళ నాలుగుసార్లు తీశాను. పింగాణీ పళ్ళేలు కావు, మా బోర్డింగు సత్తు పళ్ళేలు, అయినా టంగుమనలేదు.

"ఇట్టాంటి చెయ్యి నేను ముప్పయ్యేళ్ళలో చూళ్ళా" అన్నాడు బాబాయి.

చాలా సంతోషం వేసింది. మద్రాసులో చేయాల్సింది ఇది కాదు కదా అని కృపామణి అంది. దానికి ఓర్వలేనితనం.

ఫిబ్రవరి 28, సోమవారం

 ఎడమ చెయ్యి దారికొచ్చింది. సూపు చప్పుడు లేకుండా తాగుతున్నాను, ఉలవచారుతో సాధన చేసి. చెంచాను మనవైపు కాకుండా అవతలికి తోసి ముంచాలి. వింత మనుషులు, ఆకలేసినవాడు ఎవడైనా అవతలికి తోస్తాడా.

మార్చి 4, శుక్రవారం

తెల్ల చీర తీసిపెట్టాను, సన్నటి ఎర్రంచుది. గంజి దట్టంగా పెట్టించాను. బాబాయి చూసి, మా హోటలు బట్టల్లాగా నిలబడిందే అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు.

పిల్లలు ప్రార్థనలో నా ప్రయాణం గురించి కూడా చెప్పారు. స్కూలు పోతుందేమోనన్న సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. అందరికీ తెలుసు.

మార్చి 7, సోమవారం

మాచర్ల నుంచి వచ్చే బండిలో బయల్దేరుతున్నాం. మిస్సమ్మ గారికి సెకండు క్లాసు, నాకు థర్డు. గుంటూరులో దిగి బండి మారాలి. సిద్ధంగా ఉన్నాను. ఇంత సిద్ధంగా నేను ట్రైనింగు పరీక్షకు కూడా లేను.

మార్చి 9, బుధవారం. మద్రాసు

అంతా బాగానే జరిగింది. చేప బాగుంది.

మార్చి 10, గురువారం. రైల్లో

చేప బాగుందన్నది నిజం. మిగతాది కూడా రాయాలి. బండి ఊగుతోంది, అక్షరాలు వంకర పోతున్నాయి. పోనీ.

ఆ హాలు మా చర్చి కన్నా పెద్దది. బల్లకు ఎనిమిది కుర్చీలు. సెక్రటరీ దొర, ఆయన భార్య, ఇంకో ఇద్దరు బోర్డు మెంబర్లు, వాళ్ళ భార్యలు, మిస్సమ్మ గారు, నేను. ముందు అందరూ చేతులు కలిపారు. గ్రేసమ్మ అని నా పేరు చెప్పాను. ప్రయాణం ఎలా జరిగిందని సెక్రటరీ దొరసాని అడిగింది. బాగా జరిగిందన్నాను. అయితే మంచిది, అంది. నాతో అయిన మాటలు అంతే.

కూర్చున్నాను. బల్ల మీద అన్నీ బాబాయి చెప్పినట్టే ఉన్నాయి, ఒక్క చెంచా కూడా తేడా లేదు. నాకు గర్వంగా అనిపించింది. సూపు వచ్చింది. చెంచాను అవతలికి తోసి ముంచాను. చప్పుడు కాలేదు. ఎవరైనా చూశారేమోనని తలెత్తాను. ఎవరూ చూడలేదు. చేప వచ్చింది. ఎడమ చేత్తో ఒక్క ముల్లు కూడా నోట్లోకి పోకుండా తిన్నాను. మళ్ళీ తలెత్తాను. సెక్రటరీ దొర ఓడ ప్రయాణం గురించి చెబుతున్నాడు. అందరూ ఆయన్ని చూస్తున్నారు.

నెల రోజులు చదివి పరీక్ష హాల్లో కూర్చుంటే, పరీక్ష పెట్టేవాళ్ళే రాలేదు.

చేప అయిపోయింది. అందరూ ఫోర్కులూ కత్తులూ పడుకోబెట్టారు. పక్కన పెద్ద పార్టీ ఏదో రావడంతో వడ్డించేవాళ్ళు అటు పోయారు. మా ముందు ముళ్ళతో ప్లేట్లు అలాగే ఉన్నాయి. నేను నాకు తెలియకుండానే లెక్కపెడుతున్నాను. పది దాటింది. ఇరవై దాటింది. అప్పుడు సెక్రటరీ దొర గురజాల పేరెత్తాడు. నాతో కాదు, పక్క మెంబరుతో. అక్కడి స్కూలు సంగతి తేలికేనట, నరసరావుపేటలో పెద్ద బిల్డింగు ఉందట, పిల్లల్ని అక్కడికి చేర్చేస్తే అందరికీ సుఖమట, జూన్‌కల్లా అయిపోతుందట. ఉప్పు అందుకుంటూ అన్నాడు ఆ మాట.

నా తల లోపల ఏమీ మిగల్లేదు. చేతులకు మాత్రం తమ పని తెలుసు. లేచాను. సెక్రటరీ దొరసాని కుర్చీకి కుడి పక్కగా వెళ్ళి, వంగి, ఆమె ప్లేటు తీశాను.

ఆమె భుజం కాస్త పక్కకు జరిపి నాకు దారి ఇచ్చింది. తల తిప్పకుండా థాంక్యూ అంది. అవతలివాళ్ళతో చెప్పే మాట తెగిపోలేదు కూడా.

ఆ ప్లేటు ఎడమ చేతిలోకి మార్చుకుని దొర ప్లేటు తీశాను. ఆయనా జరిగాడు. ఆయనా థాంక్యూ అన్నాడు. రెండో ప్లేటు ముంజేతి మీదికి వచ్చింది. చప్పుడు కాలేదు.

అప్పుడు నాకు స్పృహ వచ్చింది. మద్రాసు హోటల్లో, గంజి పెట్టిన తెల్ల చీరలో, చేతి మీద రెండు ఎంగిలి ప్లేట్లతో నిలబడి ఉన్నాను. చూసింది ఇద్దరే. బల్లకు అవతల మిస్సమ్మ గారు, దూరం నుంచి పరుగెత్తుకొస్తూ మధ్యలో ఆగిపోయిన ముసలి వడ్డనాయన.

సిగ్గుపడి ఉంటే ఆ ప్లేట్లతో అటే వంటింట్లోకి వెళ్ళిపోయి ఉండేదాన్ని. సిగ్గు వేయలేదు. కోపం వచ్చింది. చాలా కోపం వచ్చింది. నామీద కూడా.

"అమ్మా, మీ ప్లేటు తీసింది నేను" అన్నాను ఇంగ్లీషులో. పెద్దగా అనలేదు, క్లాసులో చివరి బెంచీకి వినబడేంత. "గురజాల స్కూలు హెడ్‌మిస్ట్రెస్‌ని. జూన్‌కల్లా మీరు మూయబోయేది నా స్కూలే."

ఆమె అప్పుడు తల తిప్పి నన్ను చూసింది. మెడ దగ్గర మొదలై మొహమంతా ఎర్రబడింది. దొర చేతిలో ఉప్పు అలాగే ఉంది. ఆమె పాపం నిజాయితీగానే, గమనించలేదు, క్షమించమంది. గమనించకపోవడం పెద్ద తప్పేం కాదన్నాను. గమనించకుండా తీర్పు చెప్పడమే తప్పన్నాను. మా పిల్లల్లో సగం మంది రెంటచింతల, దాచేపల్లి చుట్టుపక్కల పల్లెలవాళ్ళనీ, వాళ్ళ అమ్మలు ఆదివారం నడిచొచ్చి చూసుకుపోతారు కాబట్టే పంపుతున్నారనీ, నరసరావుపేట అంటే పంపరనీ, ఆ పిల్లలు చేరేది పెద్ద బిల్డింగుకు కాదు మిరప చేలకనీ చెప్పాను. ప్లేట్లు చేతిలోనే ఉన్నాయి.

 అప్పుడు మిస్సమ్మ గారు బల్లగుడ్డ వైపు చూస్తూ అన్నారు, పద్దెనిమిదేళ్ళుగా ఆ స్కూలు నడిపింది గ్రేసమ్మే, నేను సంతకాలు పెట్టాను, అని.

ముసలి వడ్డనాయన వచ్చి నా చేతి మీది ప్లేట్లు అందుకున్నాడు. ఆయన మొహం చూసి థాంక్యూ అన్నాను. ఆయన కంగారుపడ్డాడు.

వచ్చి కూర్చున్నాను. కోడి రోస్టు తిన్నాను. పుడ్డింగు మొత్తం తిన్నాను. కంచంలో వదిలిపెట్టడం మా రూలు కాదు. లేచేముందు సెక్రటరీ దొరసానితో, మా బోర్డింగులో కూడా సెట్ మెనూయే, ఒక పూట వచ్చి తిని ఆ తర్వాత మూయండి అన్నాను. 

గుంటూరు దగ్గరపడుతోంది. తెనాలిలో బండి ఆగినప్పుడు మిస్సమ్మ గారు తన పెట్టె దిగి, వచ్చి నా పక్కన థర్డు క్లాసు బల్లమీద కూర్చున్నారు. 

"గ్రేసమ్మా, నేను నిన్ను ఒక్కసారి కూడా బంగళాలో భోజనానికి పిలవలేదు" అన్నారు తెలుగులో.

"లేదండి" అన్నాను.

ఎందుకు పిలవలేదో తనకే తెలియదన్నారు. ఏడుస్తారేమో అనుకున్నాను. నాకు ఓదార్చాలనిపించలేదు. కాసేపయ్యాక మాత్రం మరమరాల పొట్లం ఆమెకు కూడా పట్టాను. ఇద్దరం తిన్నాం.

మార్చి 12, శనివారం. గురజాల

జరిగిందంతా బాబాయికి చెప్పాను. నన్ను తిడతాడో, తనను తిట్టుకుంటాడో అనుకున్నాను. ఆయన అడిగినవి రెండే.

"ఏ పక్కనుంచి తీశావ్?"

"కుడి పక్కనుంచే."

"చప్పుడైందా?"

కాలేదన్నాను. తలూపి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు. పైకండువాతో కళ్ళు తుడుచుకోవడం నాకు కనబడింది. తప్పు నేర్పింది నేనే అమ్మాయ్, నాకు నిలబడేవాళ్ళ సంగతే తెలుసు, అన్నాడు. తప్పేమీ కాదు బాబాయ్ అన్నాను. కూర్చుని ఉంటే నేను నోరు విప్పేదాన్ని కాదు.

మార్చి 15, మంగళవారం

ఉత్తరం లేదు. నాకు భయంగా ఉంది. ఇది నిజం కాబట్టి రాస్తున్నాను.

మార్చి 22, మంగళవారం

సెక్రటరీ దొరసాని నుంచి కార్డు. శనివారం వస్తోంది, ఒక్కతే. ప్రత్యేకంగా ఏమీ చేయవద్దని రాసింది. ఆమె చెప్పేదేముంది, శనివారం మెనూ పద్దెనిమిదేళ్ళ కిందటే ఖాయమైంది. జొన్న సంగటి, కందిపప్పు, గోంగూర పచ్చడి, మజ్జిగ.

మార్చి 26, శనివారం

వచ్చింది. నేలమీద చాప పరిచి పిల్లల వరసలోనే కూర్చోబెట్టాను. మోకాళ్ళు మడవడానికి చాలా అవస్థ పడింది. చెంచా ఇద్దామా అక్కా, అని కృపామణి నా చెవిలో అడిగింది. వద్దన్నాను. నేను నెల రోజులు నేర్చుకున్నాను, ఆమె ఒక్క పూట నేర్చుకోవచ్చు.

మా రూలు ప్రకారం చివరి పిల్ల కంచంలో పడేదాకా ఎవరూ ముట్టరు. ఆమెది మొదటి కంచం, నలభై రెండు కంచాలూ నిండేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ప్రార్థన అయ్యాక సంగటిని వేలితో పొడిచి చూసి నావైపు చూసింది. అప్పుడు జాలేసింది. ముద్ద తుంచి, బొటనవేలితో నొక్కి, పప్పులో ముంచడం చూపించాను. గోంగూర తగలగానే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది, అయినా వదల్లేదు. మజ్జిగ రెండుసార్లు అడిగింది.

తిన్నాక కంచం ముందు పెట్టుకుని అటూ ఇటూ చూసింది. ఎవరూ రాలేదు. పిల్లలు ఒక్కొక్కరే తమ కంచం తీసుకుని తొట్టి దగ్గరికి పోతున్నారు. ఆమె కూడా లేచి వరసలో నిలబడి, బూడిదతో తోమి కడిగింది. నేను చూస్తూ నిలబడ్డాను. సాయం చేయలేదు.

తర్వాత చిన్న పుస్తకం తీసి నలభై రెండు మంది పేర్లూ, ఊళ్ళూ అడిగి రాసుకుంది. స్కూలు ఇక్కడ లేకపోతే ఏం చేస్తావని రెంటచింతల పిల్లను అడిగింది. నేను తర్జుమా చేశాను.

"కాయలు కొయ్యటానికి పోతా. మా అక్క పోతల్లా?" అంది ఆ పిల్ల, ఇది కూడా తెలియదా అన్నట్టు.

అది కూడా తర్జుమా చేశాను, ఒక్క మాట కలపకుండా. ఆఖరికి ఆమె నా పేరు కూడా అడిగింది. మద్రాసులో చెప్పాను కదా అనలేదు. మళ్ళీ చెప్పాను. అక్షరం అక్షరం రాసుకుంది.

ఏప్రిల్ 2, శనివారం

ఏమీ లేదు. ఎండ.

ఏప్రిల్ 9, శనివారం

వచ్చింది. బోర్డు ఉత్తరమే. స్కూలు గురజాలలోనే ఉంటుంది. మేనేజరు నేనే. మూడేళ్ళకు, ఆ తర్వాత మళ్ళీ ఆలోచిస్తారట. మూడేళ్ళలో ఆలోచించాలన్న సంగతి వాళ్ళే మరిచిపోతారు.

కృపామణి గట్టిగా పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పిల్లలకు సాయంత్రం సెలవిచ్చాను. అందరికీ ముందే తెలుసట.

ఏప్రిల్ 20, బుధవారం

ఈస్టరు అయ్యాక, నిన్న మిస్సమ్మ గారు వెళ్ళిపోయారు. వెళ్ళే ముందురోజు నన్ను బంగళాలోని ఆ బల్ల దగ్గరికి పిలిచి, తనే కాఫీ కలిపి ఇచ్చారు.  కాఫీలో చక్కెర ఎక్కువైంది, తాగేశాను. స్టేషన్లో నేనే ముందుగా ఆమెను కౌగిలించుకున్నాను. నాకు ఆమె మీద కోపం ఉంది, ప్రేమా ఉంది. రెండూ అలాగే ఉండనీ.

ఇవాళ బంగళా తాళాలు నా దగ్గర ఉన్నాయి. మధ్యాహ్నం బాబాయిని పిలిచాను. బల్ల మధ్యలో సంగటి గిన్నె, పప్పు గిన్నె పెట్టి, ఎదురెదురుగా రెండు కంచాలు పెట్టాను. నేను కూర్చోగానే ఆయన వచ్చి నా కుర్చీ వెనకాల నిలబడ్డాడు.

"నువ్వు కూర్చుంటేనే నేను తింటా బాబాయ్" అన్నాను.

మరెవరు వడ్డిస్తారని అడిగాడు. ఎవరికి కావలసింది వాళ్ళు పెట్టుకోవడమే అన్నాను. చాలాసేపు కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత అవతలికి వెళ్ళి, కుర్చీ చివరన, ఎవరైనా పిలిస్తే లేవడానికి వీలుగా కూర్చున్నాడు. ఫోర్కు ఇవ్వమంటావా అంటే వద్దన్నాడు. చేత్తోనే తిన్నాడు. మొదట్లో రెండుసార్లు లేవబోయాడు, గిన్నెలో పప్పు తగ్గిందని ఒకసారి, నా గ్లాసులో నీళ్ళు లేవని ఒకసారి. కూర్చోమన్నాను. మూడోసారి లేవలేదు. వెనక్కి ఆనుకున్నాడు. ముప్పై ఏళ్ళలో హోటల్లో ఎవరెవరు ఏం తిన్నారో చెబుతూ తిన్నాడు, నిలబడితేనే గుర్తొస్తాయన్న మనిషి.

తినడం అయ్యాక నా కంచం తీయడానికి ఆయన చెయ్యి చాపేలోపే నేను లేచాను. చుట్టూ తిరిగి, కుడి పక్కగా వెళ్ళి, వంగి, ఆయన కంచం తీశాను. చప్పుడు కాలేదు.

బాబాయి భుజం పక్కకు జరపలేదు. తల పూర్తిగా తిప్పి, నా మొహంలోకి చూసి, థాంక్యూ అన్నాడు.

"ముప్పయ్యేళ్ళు విన్న మాటే. అనటం మాత్రం ఇదే మొదలమ్మాయ్" అన్నాడు.

ఎవరి కంచం వాళ్ళే కడుక్కోవాలన్నది మా రూలు. ఇవాళ ఒక్కరోజుకు రెండూ నేనే కడిగాను.